డ్రమ్ము విప్పిన రోజు

కిందటి వారం కథలో బెర్నడెట్‌ను గ్యారేజీ గుమ్మంలో వదిలి వచ్చాం. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆమె దాటని గుమ్మం అది.

హామ్‌ట్రామిక్‌లో, కార్ల ఫ్యాక్టరీల పేటలో, ఆమె పుట్టింటి వెనక సందులో ఉన్న ఆ గ్యారేజీలో, నాన్న కప్పిన గుడ్డ కింద, అందరూ కాజ్ అని పిలిచే తమ్ముడు కాజిమిర్ కారు పడి ఉంది. అరవై ఆరు మోడల్ జీటీఓ. కాజ్ తోలుతుండగా వీధి చివర ఐస్ గోదాము గోడను గుద్దుకున్న నాటి నుంచీ అక్కడే ఉంది. అంతకు వారం ముందు దాని బ్రేకులు బాగుచేసింది బెర్నడెట్. అప్పటికి ఆమెకు ఇరవై దాటింది, పేటలో ఏ మగవాడికీ తీసిపోని చెయ్యి. గుద్దుకున్నాక "ఆడపిల్ల చెయ్యి పెట్టిన బ్రేకులు" అంది వీధి వీధంతా. నాన్న ఆ మాట అనలేదు. ఆమె చేతిలోంచి గ్యారేజీ తాళంచెవి మాత్రం తీసుకున్నాడు. కాజ్ కుడికాలు మోకాలి దగ్గర మళ్ళీ వంగలేదు. ఆ ఏడాదే ఆమెను పెళ్ళాడిన క్లిఫ్ ఒక్కడే ఆమెను పల్లెత్తు మాట అనలేదు. "జరిగిందేదో జరిగింది, ఇంక ఆ పానాల జోలికి పోకు" అన్నాడు. ఆమె పోలేదు. బేకరీలో కౌంటరు వెనక నిలబడి జీవితం గడిపేసింది.

నాన్న పోయాడు. కారు మళ్ళీ కాజ్‌కు వచ్చింది. చలికాలమంతా కష్టపడి దాని నుజ్జయిన ముందుభాగం బాగుచేసుకున్నాడు. ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్లన్నీ బారులు తీరే రోజున తనూ దాన్ని తోలాలని అతని కోరిక. పాత డ్రమ్ము బ్రేకులతో మాత్రం తోలనన్నాడు. తుక్కు యార్డులో పది పదిహేనేళ్ళు కొత్తదైన ఇంకో కారు నుంచి డిస్కు బ్రేకులు విప్పించి తెచ్చాడు. కాలు మడిచి నేల మీద కూర్చోలేడు కనుక అక్కను పిలిచాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"వస్తావా, వాన పడేదాకా అక్కడే నిలబడతావా?" అన్నాడు కాజ్ లోపలినుంచి.

"ఊళ్ళో ఇంతమంది మెకానిక్కులుండగా నన్నే ఎందుకు పిలిచావురా?"

"నీకంటే బాగా చేసేవాడు నాకెవడూ తెలీదు."

"బాగా చేసినందుకేగా నీ కాలు అట్లా అయింది."

కాజ్ గోడ వైపు తిరిగాడు. గోడకు తగిలించి ఉన్న నాన్న తోలు ఏప్రన్ తీసి ఆమె వైపు విసిరాడు. దాన్ని పట్టుకోవడానికి ఆమె అడుగు ముందుకు వెయ్యక తప్పలేదు. అలా ఆ గుమ్మం దాటేసింది.

లోపలి వాసనకు ఆమె ఒళ్ళు ఝల్లుమంది. గ్రీజు, పాత రబ్బరు, నాన్న కాల్చిన చుట్టల పొగ. పానాలు ఆయన తగిలించిన వరసలోనే ఉన్నాయి, పెద్దది మొదలు చిన్నదాకా. బల్ల అంచు మీద సిగరెట్టు కాలిన మచ్చ అలాగే ఉంది. అది తను మొదటిసారి దొంగతనంగా కాల్చినప్పటిది. నాన్న చూశాడని ఆమెకు తెలుసు, ఆయన ఏనాడూ అడగలేదు.

కారు ముందువైపు స్టాండ్ల మీద ఉంది. చక్రాలు తీసేసి ఉన్నాయి. తుప్పు పట్టిన రెండు డ్రమ్ములు, బోర్లించిన బాణళ్ళలా, ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాయి.

"ఎడమ పక్క మొదలెట్టు" అన్నాడు కాజ్, కర్ర కుర్చీలో కాలు బారజాపుకుని. "పాతవి పీకెయ్. తుక్కులో పారేద్దాం. వాటి మొహం చూడాలని లేదు నాకు."

బెర్నడెట్ చిన్న పీట లాక్కుని కూర్చుంది. మోకాళ్ళు కటుక్కుమన్నాయి. ఇరుసు చివర గ్రీజు మూత మీద సుత్తితో చుట్టూ తట్టి ఊడదీసింది. లోపల నట్టు ఊడిరాకుండా అడ్డంగా గుచ్చిన రెండు కాళ్ళ కాటర్ పిన్ను కనపడింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

పిన్ను ఒక కాలు నట్టు మీదకు వంచి ఉంది. రెండో కాలు పొట్టిగా కత్తిరించి, మొన గుచ్చుకోకుండా లోపలికి నొక్కి ఉంది. నాన్న రెండు కాళ్ళూ చెరోపక్కకు వంచేవాడు. అందరూ అంతే. రెండోదాన్ని కత్తిరించి నొక్కేది ఆమె ఒక్కతే, ఒకసారి వేలికి గుచ్చుకుని చీము పట్టినప్పటినుంచీ.

"నా తర్వాత దీన్ని ఎవరూ ముట్టుకోలేదురా" అంది.

"ఎవరు ముట్టుకుంటారు? నాన్న గుడ్డ కప్పేశాడు. మళ్ళీ తియ్యలేదు. ఆయనున్నంతకాలం ఆ మూలకు పోవాలంటే అందరికీ భయమే."

పిన్ను తీసింది, నట్టు విప్పింది. డ్రమ్ము కదల్లేదు. వెనక చిల్లులోంచి స్క్రూడ్రైవరు పెట్టి లోపల బ్రేకును బిగించే పళ్ళ చక్రాన్ని వదులు చేసి, రబ్బరు సుత్తితో నాలుగు పక్కలా వాయించింది. వాయిస్తుంటే చేతుల్లోకి పాత బలం ఎక్కడినుంచో వచ్చింది. డ్రమ్ము ఒక్కసారిగా వదిలి ఒళ్ళో పడింది. "అమ్మో!" అంటూ నవ్వింది. తన నవ్వు విని తనే ఆశ్చర్యపోయింది.

"గుర్తుందా," అన్నాడు కాజ్, "ఈ బండేసుకుని మొదటిసారి వుడ్‌వర్డ్ మీదకి పోయినప్పుడు? నువ్వే తోలావు."

"నీకింకా లైసెన్సు రాలేదు మరి."

"ఎర్ర లైటు దగ్గర పక్కన ఓ తెల్ల మస్టాంగ్ కారువాడు ఆగి, కిటికీ దించి, 'ఏమమ్మా, నాన్నగారి బండా?' అన్నాడు."

"నేనేమన్నానో చెప్పు."

"'కాదు, తమ్ముడిది. నీది అమ్మగారిదా?' అన్నావు." కాజ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పచ్చ లైటు పడిందో లేదో, వాడికి మన తోక దీపాలే మిగిలాయి! తర్వాత ఆ డ్రైవిన్‌లో కార్లోనే కూర్చుని కిటికీకి ట్రే తగిలించుకుని హాంబర్గర్లు తిన్నాం. వాడు వచ్చి నీకు మిల్క్‌షేక్ కొనిపెట్టాడు. నేను పక్కనే ఉన్నా, నాకు మాత్రం ఏమీ లేదు."

"నీకు సగం పోశాగా."

"స్ట్రా ఇవ్వలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సాయంత్రాల్లో వేసవి గాలి కిటికీల్లోంచి జుట్టులోకి దూరేది. ఒక్కో కారులోంచి ఒక్కో రేడియో పాట వచ్చి, పక్క కారు పాటతో కలిసి పోయేది. లైటు దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి నిలబడ్డప్పుడు ఆ కారు కట్టేసిన గుర్రంలా వణికేది. దాన్ని పరిగెత్తించడం ఎవరికైనా వస్తుంది, ఆపడంలో ఉంది పనితనం అనేవాడు నాన్న. అందుకే ఆయన ఆమెకు ఇంజను కంటే ముందు బ్రేకులు నేర్పాడు.

నవ్వు సర్దుకున్నాక ఆమె డ్రమ్ము విప్పిన చోటు చూసింది. నవ్వు పెదాల మీదే ఆగిపోయింది.

లోపల అంతా పొడిగా ఉంది. దుమ్ము, అక్కడక్కడ తుప్పు, అంతే. డ్రమ్మును లోపలినుంచి ఒరుసుకుని ఆపే షూల్లో పొట్టి లైనింగున్నది ముందుకి, పొడుగుది వెనక్కి, ఉండాల్సిన చోటే ఉన్నాయి. స్ప్రింగులు కొక్కేలకు సరిగ్గా పట్టుకుని ఉన్నాయి. లైనింగు కొత్తది కొత్తగానే ఉంది, అరగనే లేదు. ఆమె, బ్రేకు ఆయిలుతో షూలను తోసే వీల్ సిలిండరు రబ్బరు టోపీ కొద్దిగా పక్కకు లాగి వేలు పెట్టింది. వేలికి తడి అంటలేదు.

ఇన్నేళ్ళుగా ఆమె కలలో ఒక్కటే చూసేది. ఈ సిలిండరు నుంచి ఆయిలు కారుతూ ఉండేది, షూల మీద, నేల మీద, తన చేతుల మీద. ఏదో ఒక నట్టు బిగించడం మర్చిపోయి ఉంటానని ఎన్ని రాత్రులు ఒక్కొక్కటీ మనసులో బిగించి చూసుకుందో! ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలిపోయేది.

"ఏమైంది?" అన్నాడు కాజ్.

"ఏం కాలేదు. ఈ పక్క బాగానే ఉంది. అయితే కుడిపక్కదే అయ్యుంటుంది."

ఆ మాట అనేసి పనిలో పడింది. ఆయిలు గొట్టాన్ని బిగించి కట్టేసి, పాత షూలు, సిలిండరు, వాటిని మోసే పళ్ళెం, చివరికి ఇరుసు ముక్క కూడా ఊడబెరికి పక్కన పెట్టింది. కొత్త ఇరుసు ముక్క ఎక్కించింది, బేరింగుకు అరచేతిలో గ్రీజు నూరి పట్టించింది, డిస్కు తోసింది. డిస్కును రెండువైపులా నొక్కిపట్టే కాలిపర్ తెచ్చి దాని మీద కూర్చోబెట్టింది. డిస్కును చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది.

"ఇదేంట్రా, అంతా బయటకే కనపడుతోంది! దీనికి దాచుకునేదేమీ లేదే."

"అందుకే నాకు నచ్చింది" అన్నాడు కాజ్.

కుడివైపు వెళ్ళింది. అక్కడా అదే పిన్ను, అదే కత్తిరింపు. డ్రమ్ము తియ్యబోతూ కళ్ళు మూసుకుంది, ఇక్కడ కనపడబోయేదానికి సిద్ధపడుతూ. తీసి, కళ్ళు తెరిచింది.

పొడిగా ఉంది. ఎడమపక్కది అద్దంలో చూసినట్టు, స్ప్రింగు స్ప్రింగూ సరిగ్గా ఉంది.

ఆమె లేచి నిలబడింది. ఏప్రనుకు చేతులు తుడుచుకుంటూ, కాజ్ ఏదో అంటున్నా వినిపించుకోకుండా, వెనక చక్రాల దగ్గరకు వెళ్ళి లోపలివైపు వంగి చూసింది. తడి మరక లేదు. గొట్టాల వెంట దీపం పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పాకినట్టే చూసింది. రబ్బరు పైపులు ఎండి బీటలు వారాయి గానీ తెగలేదు. చివరికి బానెట్టు ఎత్తి, డ్రైవరు వైపు గోడకున్న మాస్టర్ సిలిండరు దగ్గరకు వచ్చింది. ఆ మోడలుకు నాలుగు చక్రాలకూ కలిపి ఒక్కటే ఆయిలు గిన్నె. ఎక్కడ ఒక్క చోట కారినా ఆ గిన్నె ఖాళీ అవుతుంది, నాలుగు బ్రేకులూ పోతాయి. ఆ రోజు జరిగింది అదేనని అందరూ అన్నారు. ఆమె కూడా అదే నమ్మింది.

మూత బిగుసుకుపోయి ఉంది. పెద్ద పానా పట్టి బలంగా లాగితే కిర్రుమంటూ తిరిగింది.

గిన్నెలో ఆయిలు ఉంది. ముదురు బెల్లప్పాకంలా నల్లబడి, అంచుకు వేలెడు కిందవరకూ నిండుగా ఉంది.

"కాజ్, దీంట్లో నువ్వేమైనా పోశావా?"

"నేనెందుకు పోస్తా? పారేసేదానికి!"

ఆమె మూత మళ్ళీ పెట్టింది.  తర్వాత తమ్ముడి ఎదురుగా వచ్చి పీట మీద కూర్చుంది.

"ఒక మాట అడుగుతా, సరిగ్గా గుర్తు చేసుకుని చెప్పు. ఆ రోజు నువ్వు బ్రేకు తొక్కినప్పుడు పెడలు ఏమైంది?"

"ఏమవుతుంది? పట్టలేదు."

"పట్టలేదని ఊరంతా చెప్పింది. నేనడిగేది అది కాదు. నీ కాలి కింద ఎలా ఉంది? మెత్తగా నేల దాకా పోయిందా, పైనే ఆగిందా?"

 కాజ్ చెయ్యి తనకు తెలియకుండానే బిర్రబిగిసిన మోకాలి మీదకు పోయింది.

"పైనే ఆగింది" అన్నాడు మెల్లగా. "గట్టిగా ఉంది. రాయి మీద తొక్కినట్టుంది. రెండు కాళ్ళతో తొక్కా బెర్నీ. కొంచెం కూడా కదల్లేదు."

"ఇన్నేళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదురా?"

"ఎవరూ అడగలేదే! ఆసుపత్రిలో నాన్న వచ్చి, 'బ్రేకులు పట్టలేదా' అన్నాడు. పట్టలేదన్నా. నిజమే కదా!"

"నిజమే" అందామె. "ఆయిలు కారి బ్రేకులు పోతే పెడలు నీ కాలి కింద వెన్నముద్దలా నేలకి దిగిపోతుంది. రాయిలా నిలబడదు. ఇది నాన్నకి తెలుసు. నాకు తెలుసు. నువ్వు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆయనకి ఆ క్షణంలోనే అర్థమై ఉండేది." ఆమె కంఠం పైకి లేచింది. "నా చేతిలోంచి తాళంచెవి తీసుకునేవాడు కాదు! నేను ఆ కౌంటరు వెనక బ్రెడ్డు పొట్లాలు కట్టుకుంటూ ముసలిదాన్నయ్యేదాన్ని కాదు! అడగలేదట!"

"నన్ను తిడితే ఏం లాభం? నువ్వు అడిగావా? నువ్వెప్పుడైనా నా పక్కన కూర్చుని, ఒరేయ్, ఏం జరిగిందిరా అన్నావా? తప్పు నీదేనని నువ్వే తీర్మానించేసుకున్నావు. నీ మొహం చూస్తే మాట పెగిలేది కాదు నాకు."

ఆమె దెబ్బ తిన్నట్టు చూసింది. అది నిజం. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా మంచం కాళ్ళ దగ్గర నిలబడి, పళ్ళు పెట్టేసి, పారిపోయి వచ్చేది.

 సందులో ఎవరిదో కుక్క చెత్తడబ్బా మూత దొర్లించింది.

"మరి కాలి కింద ఏముంది?" అన్నాడు కాజ్ చివరికి.

బెర్నడెట్ లేచి మాస్టర్ సిలిండరు విప్పి తీసేసింది, ఎలాగూ అది కూడా మార్చాల్సిందే. ఆపైన డ్రైవరు తలుపు తెరిచింది. లోపలి పని కాజ్ ఇంకా మొదలుపెట్టలేదు. అద్దం ముక్కలు మాత్రం ఊడ్చాడు. ఆమె నేల మీద మోకాళ్ళూని, పెడలును చేత్తో నొక్కింది. ఇప్పుడు దాన్ని పట్టుకునేదేమీ లేదు కనుక హాయిగా నేలదాకా దిగింది. వెల్లకిలా తిరిగి, దీపం పెట్టి, పెడలు కడ్డీ వెనకవైపు చూసింది. పెయింటు లేచిపోయి, ఇనుము మెరిసేటట్టు ఒక గాటు ఉంది, బొటనవేలి గోరంత. ఎక్కడో గట్టిగా ఒరుసుకుంటే తప్ప అక్కడ గాటు పడదు.

సీటు కిందకు చెయ్యి పోనిచ్చింది. దుమ్ము, ఒక దువ్వెన, ఎండిపోయిన చూయింగ్ గమ్ కాగితం. ఇంకా లోపలికి, పట్టాలకూ నేలకూ మధ్య ఇరుక్కుని, చల్లగా గుండ్రంగా ఏదో తగిలింది. మెలితిప్పి లాగితే వచ్చింది.

పచ్చగాజు సోడా సీసా. మందపాటిది, ఆ కాలపుది. పగల్లేదు. భుజం దగ్గర మాత్రం ఒక పెచ్చు లేచిపోయింది.

ఆమె ఆ సీసాను పెడలు వెనక అడ్డంగా పడుకోబెట్టి, పెడలు నొక్కింది. ఠక్కుమని ఆగింది. ఒళ్ళంతా బరువేసి తోసినా కదల్లేదు. సీసా పెచ్చు లేచినచోటు సరిగ్గా కడ్డీ మీది గాటు దగ్గరకు వచ్చి కూర్చుంది.

ఆ చప్పుడు విని, కర్ర ఊతంతో వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు కాజ్. సీసాను చూశాడు. పెడలును చూశాడు. కిందికి జారిపోతున్నట్టు మెల్లగా కారు అంచు మీద చతికిలబడ్డాడు.

బెర్నడెట్‌కు ఏడుపు వచ్చింది. నోటికి ఏప్రను అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా, భుజాలు అదిరేటట్టు ఏడ్చింది. దుఃఖం కాదది. ముప్ఫై ఏళ్ళుగా బిగపట్టిన ఊపిరి అది. కాజ్ వంగలేక వంగి ఆమె తల మీద చెయ్యి వేశాడు. 

"నీ పని బాగుంది బెర్నీ" అన్నాడు. "బాగుంది. చాలా బాగుంది."

ఏడుపు తగ్గాక ఆమె ముక్కు తుడుచుకుని సీసాను వెలుతురుకు పట్టింది. అడుగున నాలుగు చుక్కలు ఎండి గోధుమరంగు మరక కట్టింది. మూతి దగ్గర ముక్కు పెట్టింది. వాసనేమీ లేదు. అవసరమూ లేదు. ఆ పచ్చరంగు సీసాలో వచ్చేది ఒక్క అల్లం సోడాయేనని ఆ పేటలో పెరిగిన ఎవరికైనా తెలుసు.

"నువ్వు అల్లం సోడా తాగవు కదరా" అంది. "చిన్నప్పుడు జ్వరంలో అమ్మ తాగిస్తే కక్కుకున్నావు. దాని పేరెత్తితేనే మొహం తిప్పుకుంటావు."

కాజ్ సీసా నుంచి చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు ఒక్కడివే ఉన్నానన్నావు ఆ రోజు. పోలీసులకీ అదే చెప్పావు."

"బెర్నీ..."

"నీ పక్క సీట్లో ఎవరున్నార్రా?"

అతని ముఖంలో రక్తం లేదు. "మాటిచ్చాను" అన్నాడు. "అతను ఆ సాయంత్రం ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉండాలి. అతని హాజరు కార్డు అతని బదులు ఇంకెవరో గుద్దారు. నాతో ఉన్నట్టు తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. నేను స్టీరింగు కింద ఇరుక్కుపోయి ఉంటే, మనుషుల్ని పిలుచుకొస్తానని దిగి వెళ్ళాడు. మనుషులు వచ్చారు. అతను రాలేదు. మర్నాడు ఆసుపత్రికి వచ్చి బతిమాలాడు. నా కాలు ఎలాగూ పోయింది, ఇంకొకడి పొట్ట కొట్టడం ఎందుకనుకున్నా. బ్రేకులకీ అతనికీ ఏం సంబంధమనుకున్నా. ఒట్టు బెర్నీ, ఈ సీసా సంగతి నాకు తెలీదు. ఇప్పుడే చూస్తున్నా."

"పేరు చెప్పు."

"నువ్వు అతన్ని... అప్పటికి మీ ఇద్దరి సంగతి నాకు తెలీదు బెర్నీ. తెలిసేసరికి చర్చిలో పెళ్ళి చాటింపు కూడా అయిపోయింది."

ఆమెకు మొదట ఆ మాటలు చెవిని తాకాయి గానీ లోపలికి దిగలేదు. దిగేసరికి, సందులో కంకర మీద కారు టైర్లు కరకరలాడాయి. తలుపు మూసిన చప్పుడు. ఈలపాట. ఆ ఈల ఆమె వంటింట్లో రోజూ పొద్దున వినేదే.

"పనివాళ్ళకి ఆకలేస్తోందా?" అంటూ క్లిఫ్ లోపలికి వచ్చాడు, నూనె మరకలు తేలిన కాగితం సంచి గుండెలకు హత్తుకుని. "వేడివేడి కీల్‌బాసా సాసేజీలు, రై బ్రెడ్డు. ఆవాల ముద్ద ఎక్కువ వెయ్యమన్నా కాజ్, నీకోసం..."

అతని చూపు కారు మీదుగా, కొత్తగా మెరుస్తున్న డిస్కు మీదుగా, నేల మీద కూర్చున్న భార్య మీదికి వచ్చి, ఆమె చేతిలోని పచ్చ సీసా దగ్గర ఆగింది. ఎండుగడ్డి రంగు మీసం కింద పెదాలు కదిలాయి. సంచి ఒక పక్కకు ఒరిగి, ఆవాల ముద్ద డబ్బా జారి నేల మీద పడింది. అతను వంగి తీసుకోలేదు.

బెర్నడెట్ సీసాను ఎత్తి పట్టుకుని ఎదురుచూసింది, ఇదేమిటని అతను అడుగుతాడేమోనని.

అతను అడగలేదు.